పొలానికి దూరమైన పెంట

పశువు పొలంలో మేసి తన పేడను మళ్లీ ఆ పొలానికే ఇచ్చినంత కాలం దానిని ఎవరూ వ్యర్థం అనలేదు. నేల నుంచి గింజలోకి, గింజ నుంచి పశువులోకి వెళ్లిన నత్రజని, భాస్వరం తిరిగి నేలకే చేరేవి. వేల పశువులను, కోళ్లను షెడ్లలో ఉంచి, బయటి నుంచి తెచ్చిన దాణాతో పెంచే ఫ్యాక్టరీ తరహా పశుపోషణ ఈ చక్రాన్ని తెంచింది. దాని వల్ల కలిగే పర్యావరణ నష్టంలో చాలాభాగం అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం.

1923లో అమెరికాలోని డెలావేర్‌లో సెసిల్ స్టీల్ అనే గృహిణి 50 కోడిపిల్లలు కావాలని కోరితే పొరపాటున 500 వచ్చాయి. ఆమె వాటిని మాంసం కోసమే పెంచి లాభానికి అమ్మింది. మూడేళ్లకే ఆమె షెడ్లలో 10,000 కోళ్లు ఉన్నాయి. విటమిన్ డి సంగతి కూడా ఆ దశాబ్దంలోనే తెలియడంతో, దాన్ని దాణాతో అందించి, ఎండ తగలకపోయినా కాళ్లు వంకరపోకుండా కోళ్లను ఏడాది పొడవునా లోపలే పెంచడం సాధ్యమైంది.

నేటి బ్రాయిలర్ షెడ్డులో ఒకే రోజు దిగిన వేల పిల్లలు పొట్టు పరచిన నేల మీద పెరిగి, ఐదారు వారాల్లో రెండు కిలోలు దాటుతాయి. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని తడిసిన పొట్టులోని బ్యాక్టీరియా విడగొట్టడంతో అమ్మోనియా పుడుతుంది. లోపలికి అడుగు పెట్టిన మనిషికి ముందుగా కళ్లు మండేది అందుకే. ఫ్యాన్లు ఆ వాయువును బయటికి తోస్తే, అది గాలిలోని ఆమ్లాలతో కలిసి ఊపిరితిత్తుల లోతుకు చేరగల సన్నని ధూళికణాలుగా మారుతుంది.

పందుల ఫారాలలో సందులున్న గచ్చు గుండా మలమూత్రాలు కిందికి జారి, చాలాచోట్ల బయట తవ్విన మడుగుల్లో నిలుస్తాయి. గాలి ఆడని ఆ అడుగున సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేస్తాయి. 2018లో ఫ్లోరెన్స్ తుపాను వచ్చినప్పుడు నార్త్ కరోలినాలో ఇలాంటి మడుగులు కొన్ని గండిపడ్డాయి, మరికొన్ని పొంగి పొర్లాయి.

ఆ మురుగులో ఎక్కువ భాగం నీరే కాబట్టి దానిని దూరం మోయడం గిట్టుబాటు కాదు. అందువల్ల దగ్గరి పొలాలకే పైరు తీసుకోగలిగినదాని కంటే ఎక్కువ పోస్తారు. మిగిలిన భాస్వరం వానకు కొట్టుకుపోయి చెరువుల్లో నాచును పెంచుతుంది. ఆ నాచు కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ హరించుకుపోయి చేపలు చనిపోతాయి. ఇటు ఇలా ఉండగా, దాణా కోసం మొక్కజొన్న, సోయా పండించిన దూరపు నేల ఖాళీ అవుతుంది, దానికి రసాయనిక ఎరువు కొనాలి. ఒకచోట కొరత, మరోచోట ముంపు.

ఒకటి ఒప్పుకోవాలి: బ్రాయిలర్ కోడి రెండు కిలోలలోపు దాణాతో కిలో బరువు పెరుగుతుంది, కిలో మాంసానికి వెలువడే హరితగృహ వాయువుల లెక్కలో ఆవు మాంసం కంటే కోడి మాంసం ఎంతో నయం. కానీ ఆ లెక్కలో షెడ్డు పక్కన, మడుగు పక్కన బతికే మనుషులు కనిపించరు.

ఈ వ్యవస్థ నిర్మాణమే బాధ్యతను పక్కకు నెడుతుంది. అమెరికాలోని సాధారణ ఒప్పందాలలో పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, అప్పు, పెంట మాత్రం రైతువి. 1991 నాటి ఐరోపా నైట్రేట్ ఆదేశం మరో దారి చూపింది. నీరు కలుషితమయ్యే ప్రమాదమున్న ప్రాంతాలలో హెక్టారుకు ఏడాదికి 170 కిలోలకు మించి పశువుల ఎరువులోని నత్రజనిని వేయరాదని అది నిర్దేశించింది. అక్కడ షెడ్డులో ఎన్ని పశువులు పడతాయన్న లెక్కతో పాటు, వాటి పెంటను మోయడానికి ఎంత పొలం ఉందన్న లెక్క కూడా చూపవలసి వస్తుంది.