ప్లాస్టిక్ బిరడా ఎందుకంత మొండికేస్తుంది?

వైన్ సీసా మెడలో బిగుసుకుపోయే ప్లాస్టిక్ కార్కు గొడవ పాతదే. తీయడం చేతకాక మమ్మల్ని ఆడిపోసుకుంటున్నారని ఆ బిరడాల తయారీదార్లు అంటారు. రోజూ పదుల సీసాలు తెరిచే వెయిటర్లేమో తప్పు బిరడాదేనంటారు. పోర్చుగల్‌లో తొమ్మిదేళ్లకోసారి ఓక్ చెట్ల బెరడు ఒలిచి కార్కులు కోసే కథ చాలామందికి తెలిసిందే. ఈ తగాదాకు బీజం పడింది మాత్రం 1990లలో, ప్లాస్టిక్‌ను అచ్చుపోసి వాటికి బదులుగా దింపినప్పుడు.

వైన్ తయారీదార్లు ప్లాస్టిక్ కోసం అలా ఎగబడడానికి కారణం ఉంది. కొన్ని సీసాలు తెరవగానే తడిసిన అట్టముక్క వాసన, ముక్కిపోయిన బియ్యం వాసన కొట్టేవి. దోషి టీసీఏ అనే రసాయనమని స్విట్జర్లాండ్‌లో హాన్స్ టానర్ బృందం 1980ల మొదట్లోనే తేల్చింది. కార్కును తెల్లబరచడానికి అప్పట్లో వాడిన క్లోరిన్‌కు బూజు తోడైతే అది పుడుతుంది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా చాలు, వైన్ పాడైనట్టే. బెరడు జోలికే పోవద్దనుకుని కాలిఫోర్నియాలో సెయింట్ ఫ్రాన్సిస్ వంటి వైనరీలు ప్లాస్టిక్‌కు మారిపోయాయి.

అసలు పొరపాటు అక్కడే జరిగింది. వాసన రాకూడదు, కారకూడదు, ఫ్యాక్టరీ మర దవడల్లో నలిగి సీసాలోకి దిగాలి. ఈ మూడూ చూసుకున్నారు. తీసే చేతిని ఆఖర్న చూశారు. 24 మిల్లీమీటర్ల బెరడు కార్కు సుమారు 18.5 మిల్లీమీటర్ల మెడలో ఇమిడిపోతుంది, దాని కణాల్లో గాలే ఎక్కువ కాబట్టి. అచ్చుపోసిన గట్టి ప్లాస్టిక్‌కు ఆ ఒదుగుడు లేదు. సులువుగా జారాలని పైన సిలికాన్ పూస్తారు. పూత పల్చనైతే బిరడా కదలదు, ఎక్కువైతే సీసా కారుతుంది.

కార్కు తీసే మెలికల తీగ స్క్రూ దింపేటప్పుడే తేడా తెలుస్తుంది. బెరడులో తీగ మెత్తగా దిగిపోతుంది. అచ్చు ప్లాస్టిక్‌లో మొదటి మెలికకే మొరాయిస్తుంది. మొన దిగకుండా పైనే జారితే చెయ్యి గీసుకుపోతుంది. తీరా బయటికొచ్చాక మరో పని. ప్లాస్టిక్ తీగను పట్టుకుని వదలదు, బట్టతో బిగించి పట్టి వెనక్కి తిప్పాలి. 1979లో హెర్బర్ట్ అల్లెన్ అనే టెక్సస్ ఇంజనీరు తెచ్చిన టెఫ్లాన్ పూత స్క్రూ బెరడుకు వరం. ప్లాస్టిక్ బిరడాలు ఆ పూతనే గీకేశాయి. పక్కలనుంచి రెండు రేకులు దూర్చి తీసే ఓపెనర్ సంగతి మరీ అన్యాయం. గాజుకు అతుక్కున్న బిరడా పైకి రాకపోగా లోపలికి జారుతుంది. మిగిలిన వైన్‌కు మళ్లీ మూత పెడదామన్నా ఉబ్బిన బిరడా పట్టదు.

1999లో మొదలైన నోమాకార్క్ అనే కొత్తరకం ప్లాస్టిక్ బిరడా దీన్ని చాలావరకు సరిదిద్దిందని బిరడా తయారీదార్లు చెబుతారు. అది నిజమే. లోపల మెత్తని నురుగు, పైన పల్చని సాగే పొర ఉండే ఆ బిరడా బాగానే వస్తుంది. కానీ అచ్చుపోసినవి అంతటితో మాయం కాలేదు. మెడ మీది రేకు కోసేదాకా లోపల ఏదుందో కొన్నవాడికి తెలియదు.

ఈలోగా 2000లో ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయలో రీస్లింగ్ అనే తెల్ల వైన్ తయారీదార్లు, మరుసటి ఏడాది న్యూజిలాండ్ వాళ్లు చేత్తో తిప్పి తీసే స్క్రూ మూతవైపు వెళ్లిపోయారు. మన నాసిక్ వైన్లు కొనేవాళ్లకూ ఆ మూత బాగా అలవాటే.

ప్లాస్టిక్ కార్కు చేతికొస్తే మాత్రం పూత లేని, మొన పదునున్న తీగ స్క్రూ వాడండి. వెయిటర్లు జేబులో పెట్టుకు తిరిగే, సీసా అంచుకు ఆనించే రెండు మెట్లున్న మడత ఓపెనర్ మంచిది. తీగను నడిమధ్య నిటారుగా నొక్కి దింపండి. కింది కొస దాటినా ఫర్వాలేదు, బెరడులా పొడి రాలదు. మొదటి మెట్టుతో సగం లేపి, రెండో మెట్టుకు మార్చి నిదానంగా లాగండి.