రాత్రిని చూసి కాసే మొక్కలు

హైదరాబాద్‌లో చలికాలం పగటిపూట పెద్దగా కనిపించదు. డిసెంబరు మధ్యాహ్నం కూడా ఎండ 28 డిగ్రీల దాకా ఉంటుంది. చెప్పుల్లేకుండా మిద్దె ఎక్కితే పాదాలకు చురుక్కుమంటుంది. అదే తెల్లవారుజామున 14, 15కి దిగుతుంది, కొన్ని రోజులు ఇంకా కిందికి పోతుంది. చలంతా రాత్రిదే. మిద్దె తోటలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏది కాస్తుంది, ఏది మొరాయిస్తుంది, ఏ తెగులు వస్తుంది అన్నవి చాలావరకు పొద్దు గూకాకే తేలిపోతాయి. మనం మాత్రం పొద్దున లేచి ఎరువు మీదో విత్తనం మీదో నెపం పెడుతుంటాం.

టమాటానే చూడండి. ఏప్రిల్‌లో విరగబూసి ఒక్క పిందె నిలవని మొక్క, నవంబరులో గుత్తులు గుత్తులుగా కాస్తుంది. వేసవిలో పూత రాలితే నీళ్లు చాల్లేదని ఒకరు, కాల్షియం తగ్గిందని ఇంకొకరు ఏవేవో తెచ్చి పోస్తారు. చాలాసార్లు అసలు దోషి రాత్రి వేడి. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పువ్వులో పుప్పొడి సరిగా తయారై పిందె కడుతుంది. రాత్రి కూడా 24 దాటి అక్కడే తిష్ఠ వేస్తే పుప్పొడి దెబ్బతింటుంది. అప్పుడు పువ్వు కాడ మధ్యలో చిన్న కణుపు పసుపెక్కుతుంది, వేలు తగిలితే చాలు, అక్కడికి విరిగి రాలిపోతుంది.

కాలిఫోర్నియాలో పనిచేసిన ఫ్రిట్స్ వెంట్ అనే డచ్ శాస్త్రవేత్త 1944లో దీన్ని ప్రయోగంతో చూపించాడు. టమాటా కుండీలను పగలు ఒక గదిలో, రాత్రి ఇంకో గదిలో పెట్టి, గదుల వేడిని మార్చి మార్చి చూశాడు. పగలు 26 డిగ్రీల్లో ఉండి రాత్రి 17–20 డిగ్రీల గదికి మారిన మొక్కలు, రాత్రింబవళ్లు ఒకే వేడిలో ఉన్నవాటికంటే బాగా పెరిగి బాగా కాశాయి. ఆ అంకెలు చదువుతుంటే మన నవంబరు వాతావరణ వార్తలు వింటున్నట్టే ఉంటుంది.

రంగు సంగతీ ఇంతే. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగా తయారవదు. అందుకే మే నెల కాయలు పండినా నారింజ రంగు దగ్గరే ఆగిపోతాయి. మరీ చలైనా చిక్కే. లంబసింగి, ఆదిలాబాద్ లాంటి చోట్ల రాత్రి వేడి పది డిగ్రీలకు దిగువన ఉన్న రోజుల్లో పిందె పడటం తగ్గుతుంది, పండటం ఆలస్యమవుతుంది. ఆ మాటకొస్తే టమాటా సాగుకు చలికాలంలో హైదరాబాద్ మిద్దెను మించింది లేదు.

రుచి వెనక కూడా రాత్రే ఉంది. పగలు ఆకు ఎండలో చక్కెర తయారు చేసుకుంటుంది. రాత్రి ఊపిరి పీల్చుకుంటూ అందులో కొంత ఖర్చు పెడుతుంది. మొక్క శ్వాస వేగం ప్రతి పది డిగ్రీల వేడికీ ఇంచుమించు రెట్టింపవుతుంది. మే నెల రాత్రి 28 డిగ్రీలు, డిసెంబరు రాత్రి 15 అనుకుంటే, చలికాలంలో ఖర్చు సగానికంటే తక్కువ. మిగిలిందంతా క్యారెట్‌లోకీ బీట్‌రూట్‌లోకీ పాలకూర ఆకుల్లోకీ చేరుతుంది. మంచు కురిసే దేశాల్లో కొన్ని కూరగాయలు గడ్డకట్టకుండా ఉండేందుకు పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటాయి. ఇక్కడి తీపికి కూడా అదే కారణమని చెబుతుంటారు గానీ, 15 డిగ్రీల దగ్గర అంత అవసరం పడదు. మనది పొదుపు వల్ల వచ్చిన తీపి.

ఇక చిక్కుడు. నాటు చిక్కుడు పాదుని ఆషాఢంలో పెట్టినా, శ్రావణం చివర్న పెట్టినా, పూత ఇంచుమించు ఒకేసారి వస్తుంది. అప్పటిదాకా పందిరంతా ఆకే. ఎందుకు పెంచుతున్నామా అని విసుగొచ్చే వేళకి, కార్తీకంలో గెలలు తొంగిచూస్తాయి. సంక్రాంతికి కాయ చేతికొస్తుంది, రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టడానికీ, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడానికీ పాదు నిండుగా ఉంటుంది. పండగా పంటా ఇలా కుదరడం వెనక ఉన్నది రాత్రి పొడవు.

హైదరాబాద్‌లో జూన్‌లో పగలు 13 గంటలకు కొంచెం ఎక్కువ, డిసెంబరులో 11 గంటలు. తేడా రెండు గంటలే అయినా చిక్కుడు దాన్ని పట్టుకుంటుంది. ఇలాంటి మొక్కల్ని పొట్టి పగటి మొక్కలని పుస్తకాల్లో రాస్తారు. పేరు పగటిదే, లెక్క మాత్రం రాత్రిది. 1938లో హామ్నర్, బానర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మరులమాతంగి మొక్క మీద దీన్ని పరీక్షించారు. బంజర్లలో నడిస్తే కాయలు బట్టలకు అంటుకుంటాయే, ఆ మొక్కే. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికేమీ పట్టలేదు. పొడవైన రాత్రి మధ్యలో కాసేపు దీపం వేస్తే మాత్రం పూతే రాలేదు. అది కొలిచేది తెగకుండా సాగిన చీకటిని. ఆకులోని ఫైటోక్రోమ్ అనే రంగు పదార్థం ఎర్రటి వెలుగు తగలగానే రూపం మార్చుకుంటుంది. ఆ మార్పుతోనే మొక్కకు రాత్రి తెగినట్టు తెలుస్తుంది.

అందుకని, మిద్దె మీద చిక్కుడు పూయకపోతే ఎరువు తెచ్చేముందు రాత్రి తొమ్మిదికి ఒకసారి పైకెక్కి చూడండి. వీధి దీపమో, పక్కింటి హోర్డింగో పందిరి మీద తెల్లవార్లూ వెలుగు పోస్తుంటే ముందు దాన్నే అనుమానించాలి. ఈ లెక్కల గొడవ లేనివీ ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ పొద చిక్కుళ్లు పగటి పొడవుతో పని లేకుండా కాస్తాయి. కుండీకి అవే వీలు. కాకపోతే నాటు చిక్కుడు వాసన వేరని నా పక్షపాతం.

క్యాలీఫ్లవర్‌ది మరో మొండితనం. అది చలి తగిలితేనే పువ్వు కడుతుంది, కానీ ఎంత చలి కావాలన్నది రకాన్ని బట్టి ఉంటుంది. ఇంగ్లండ్ నుంచి 1822లో సహారన్‌పూర్‌లోని ఈస్టిండియా కంపెనీ తోటకు చేరిన విత్తనం, తరాలు గడిచేకొద్దీ ఉత్తరాది రైతుల చేతుల్లో వేడికి అలవాటు పడింది. అలా వచ్చిన ముందస్తు రకాలు 20–27 డిగ్రీల్లోనే పువ్వు కడతాయి. పూసా కట్కి, పూసా దీపాలి ఆ కోవలోవి. స్నోబాల్ రకాలకు మాత్రం 10–16 కావాలి. ప్యాకెట్ మీది బొమ్మ ఏదైనా ఒకేలా తెల్లగా ఉంటుంది గనక చిక్కంతా అక్కడొస్తుంది. స్నోబాల్‌ని ఆగస్టులో వేస్తే మొలకెత్తి, కుండీ పట్టనన్ని ఆకులేసి, పువ్వు మాత్రం ఇవ్వదు. ముందస్తు రకాన్ని నవంబరులో వేస్తే మొక్క అరచేతంత ఉండగానే చలి తగిలి, బొత్తాం అంత పువ్వు కట్టి అక్కడితో ఆగిపోతుంది. రకం పేరు చూడకుండా క్యాలీఫ్లవర్ విత్తనం కొనడం దండగ.

రాత్రి చేసే చెడు కూడా చెప్పుకోవాలి. మబ్బు లేని రాత్రి మిద్దె మీద ఆకు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. చుట్టూ ఉన్న గాలికంటే ఆకే రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది, దాని మీద మంచు కడుతుంది. షేడ్‌నెట్ కింద కుండీల్లో అంతగా కట్టదు, ఎందుకంటే ఆ ఆకులకు ఆకాశం కనబడదు. లేత నారు మీద రాత్రిపూట పాత చీర కప్పడంలో ఉన్న కిటుకూ ఇదే. చీర ఆకాశానికి అడ్డంగా నిలుస్తుంది. పగలు తీసేయాలి, లేకపోతే నారు సాగిపోతుంది.

చల్లని, తేమగల రాత్రి, వెంటనే పొడి పగలు. బూడిద తెగులుకు ఇంతకన్నా ఏం కావాలి! చాలా బూజులకు ఆకు మీద నీటి పొర ఉండాలి. దీని బీజానికి గాలిలో తేమ చాలు. సొర, దోస, గుమ్మడి, బఠాణీ ముదురాకుల మీద ముగ్గు చల్లినట్టు మచ్చలు పడతాయి. 1999లో బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త గుమ్మడి జాతికి చెందిన జుకినీ మొక్కల మీద ఆవుపాలు కొట్టి చూశాడు. ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్లు, లేదా అంతకంటే చిక్కగా, వారం వారం కొడితే తెగులు బాగా అదుపులో ఉంది. మనవాళ్లు పులిసిన మజ్జిగ కొట్టడం తెలిసిందే. ఏది కొట్టినా మచ్చ కాసింత ఉండగానే కొట్టాలి. ఆకంతా తెల్లబడ్డాక తుంచి పారేయడమే మేలు.

చిక్కుడు గెలల మీద నల్లగా బారులు తీరే పేనుబంక కూడా ఈ చల్లదనాన్నే ఇష్టపడుతుంది. మగ పురుగుతో పని లేకుండా తల్లి నేరుగా పిల్లల్ని కంటుంది. పైగా కడుపులో ఉన్న పిల్ల కడుపులో ఇంకో పిల్ల అప్పటికే రూపు దిద్దుకుంటూ ఉంటుంది. అందుకే ఆదివారం పదీ పన్నెండు కనిపించినవి, మళ్లీ ఆదివారానికి గెలంతా కమ్ముకుంటాయి. రసం పీల్చి అవి వదిలే తీపి జిగురు కోసం చీమలు కాపలా కాస్తాయి. గెల దగ్గర నల్లటి ఒంటి మీద నారింజ చుక్కలతో, ముళ్లు ముళ్లుగా, మొసలి పిల్లలా ఓ పురుగు తిరుగుతుంటే మాత్రం నలపకండి. అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకను తింటూనే పెరుగుతుంది. కట్టెల బూడిద చల్లేవాళ్లు తెల్లవారుజామునే చల్లడంలో అర్థముంది. మంచుకు తడిసిన గెలకు బూడిద అంటుకుంటుంది, మధ్యాహ్నం చల్లితే గాలికి పోతుంది.

పగటి గురించి ఒక్కటే. డిసెంబరు చివర్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం వైపు పిట్టగోడ మూడడుగులుంటే దాని వెనక రెండున్నర అడుగుల మేర నీడే. మేలో నడినెత్తిన ఎండ పడిన అదే జాగా, ఇప్పుడు రోజంతా చీకటి మూల. టమాటా, వంగ, క్యాబేజీ కుండీల్ని ఉత్తరపు గోడ వైపుకి జరపండి. నీడలో కొత్తిమీర, పుదీనా సర్దుకుంటాయి.

నీళ్లు వేసవి అలవాటు ప్రకారం పోస్తే నారు మొదలు దగ్గర కుళ్లి పడిపోతుంది. వేలు రెండు కణుపుల లోతుకు దించి, పొడిగా తగిలితేనే పోయాలి. అదీ పొద్దునపూట.

ఫిబ్రవరి సగానికి రాత్రులు మళ్లీ 17, 18కి ఎక్కుతాయి. కోయకుండా ఉంచిన క్యాలీఫ్లవర్ వదులై గరుకు తేలుతుంది, పాలకూర కాడ లేస్తుంది, మెంతి పూతకొస్తుంది. డిసెంబరులో వేస్తే రెండు వారాలైనా తల ఎత్తని బెండ గింజ, ఇప్పుడు రాత్రంతా నానబెట్టి వేస్తే వారం లోపే మొలుస్తుంది. క్యాలీఫ్లవర్ పీకేసిన కుండీలో మట్టి గుల్ల చేసి, గుప్పెడు వేపపిండి, రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు కలిపి బెండ వేసేయొచ్చు.