సెంట్రల్ పార్క్ సైకిల్ టూర్: అపోహలు - వాస్తవాలు

న్యూయార్క్ చూడటానికి వచ్చే మనవాళ్లు చాలామంది సెంట్రల్ పార్క్‌కి ఇచ్చేది ఓ గంట. 59వ వీధి వైపు నుంచి లోపలికి వచ్చి, నీళ్ల ఒడ్డున నాలుగు ఫొటోలు దిగి, ఆ దారినే బయటికి వెళ్లిపోతారు. రెండున్నర మైళ్ల పొడవు, అర మైలు వెడల్పు, 843 ఎకరాల పార్కులో వాళ్లు చూసింది దక్షిణం వైపు ఒక మూల. ఇక్కడ సైకిల్ టూర్లు నడిపించే గైడ్‌ని నేను. అంత దూరం నుంచి వచ్చి అసలైనవి చూడకుండా వెళ్లిపోతుంటే బాధగా ఉంటుంది. టూర్ అనగానే చాలామంది వెనకాడటానికి కారణం కొన్ని అపోహలు. మరికొన్ని అపోహలు టూర్‌కి వచ్చినవాళ్లలోనూ ఉంటాయి. రెండు రకాల గురించీ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సైకిల్ తొక్కి ఏళ్లు అయింది, ఈ వయసులో మావల్ల కాదు

పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు మొదట అనే మాట ఇదే. సైకిల్ టూర్ అంటే వాళ్ల ఊహలో రెండు గంటలు ఆపకుండా తొక్కడం. నిజానికి టూర్‌లో ఎక్కువ సమయం ఆగడానికే పోతుంది. కాసేపు తొక్కుతాం, దిగుతాం, చూస్తాం, మాట్లాడుకుంటాం, మళ్లీ ఎక్కుతాం. ఒక చోటుకీ ఇంకో చోటుకీ మధ్య నడక తగ్గించడమే ఇక్కడ సైకిల్ చేసే పని.

పార్కు చుట్టూ తిరిగే పూర్తి రోడ్డు 6.1 మైళ్లు, అంటే దాదాపు 10 కిలోమీటర్లు. ఎత్తులు చెప్పుకోదగ్గవి రెండు. తూర్పు వైపు 70ల వీధుల దగ్గర క్యాట్ హిల్, ఉత్తరం చివర హార్లెం హిల్. క్యాట్ హిల్‌కి ఆ పేరు రావడానికి కారణం పక్కనున్న బండ మీద దూకడానికి సిద్ధంగా నక్కి ఉన్న కంచు పాంథర్, ఎడ్వర్డ్ కెమీస్ చేసిన శిల్పం. తల ఎత్తి చూడకపోతే కనపడదు. హార్లెం హిల్ మాత్రం నిజంగానే ఆయాసం తెప్పిస్తుంది. అది వద్దనుకుంటే 102వ వీధి దగ్గర అడ్డంగా ఉన్న దారిలో పడమర వైపుకి వచ్చేయొచ్చు. ఇంకా తక్కువ చాలనుకుంటే 72వ వీధి దగ్గరే తిరగొచ్చు. ఎత్తు దగ్గర దిగి సైకిల్ నడిపించుకుంటూ రావడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నా గుంపులో ఎవరైనా దిగితే నేనూ దిగుతాను.

తొక్కడం వచ్చినవాళ్లకి కూడా ఇక్కడ ఇబ్బంది పెట్టేవి రెండున్నాయి. మొదటిది, అమెరికాలో బండ్లు కుడి వైపున నడుస్తాయి. భయం వేసినప్పుడు మనవాళ్లు అలవాటుగా ఎడమకి జరుగుతారు. అటు నడిచేవాళ్లు ఉంటారు. రెండోది బ్రేకులు. ఇక్కడి సైకిళ్లలో సాధారణంగా ఎడమ చేతి బ్రేక్ ముందు చక్రానిది, కుడి చేతిది వెనక చక్రానిది. మన దగ్గర చాలా సైకిళ్లకి దీనికి తిరగేసి ఉంటుంది. పల్లంలో ఎడమ చేతి బ్రేక్ ఒక్కటే గట్టిగా పట్టేస్తే మనిషి ముందుకి పడతాడు. అందుకే బయల్దేరే ముందు చదునుగా ఉన్నచోట అందరిచేతా రెండు చేతులూ కలిపి మెల్లగా బ్రేక్ వేయిస్తాను. సీటు కూడా కొంచెం కిందికే దించుతాను, కూర్చునే రెండు కాళ్లూ నేలకి ఆనేలా. సైకిల్ పందేలవాళ్లు ఒప్పుకోరు గానీ, కాలు అందుతుందన్న ధైర్యం వస్తే సగం టెన్షన్ పోతుంది.

బట్టల సంగతి కూడా చెప్పాలి. చీర కట్టుకుని సైకిల్ వద్దు. చుడీదార్ అయితే చున్నీ తీసి బ్యాగులో పెట్టేయండి, లేదా నడుముకి గట్టిగా చుట్టుకోండి. గాలికి ఎగిరి చక్రం పుల్లల్లో చిక్కుకుంటే పడటం ఖాయం. లేడీస్ సైకిల్ అంటామే, మధ్యలో అడ్డంగా బార్ లేనిది, అది ముందే అడిగి తీసుకుంటే పెద్దవాళ్లకి ఎక్కడం దిగడం తేలిక. ఇక అసలు తొక్కడం రానివాళ్లు ఈ పార్కులో నేర్చుకుందామని మాత్రం రావద్దు. వాళ్లకి నడక టూర్ మంచిది.

అపోహ: కార్లు లేవు కాబట్టి ఎటు వెళ్లినా ఫరవాలేదు

కార్లు లేని మాట నిజమే. 2018 జూన్ 27 నుంచి పార్కు లోపలి రోడ్లన్నిటి మీదా మామూలు కార్లు ఆపేశారు. పోలీసు బండ్లు, అంబులెన్సులు, పార్కు సిబ్బంది వాహనాలు మాత్రం తిరుగుతుంటాయి. దక్షిణం వైపు గుర్రపు బగ్గీలు ఉంటాయి. సైకిల్ రిక్షాలు ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువగా నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు ఉంటారు. దారి ఎప్పుడూ వాళ్లకే ముందు ఇవ్వాలి.

చుట్టు రోడ్డు వన్‌వే. గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో తిరగాలి. అంటే తూర్పు వైపు నుంచి ఉత్తరానికి ఎక్కి, పడమర వైపు నుంచి దక్షిణానికి దిగాలి. ఏదో చూడటం మర్చిపోయామని వెనక్కి తిప్పకూడదు.

నేను చూసే ప్రమాదాల్లో ఎక్కువ భాగం వేగం వల్ల వచ్చేవి కావు. ముందు వెళ్తున్నవాళ్లు ఫొటో కోసం రోడ్డు మధ్యలో ఉన్నపళాన ఆగిపోతారు, వెనకవాళ్లు వచ్చి గుద్దుకుంటారు. ఆగాలంటే చెయ్యి చూపించి, కుడి అంచుకి వచ్చి, సైకిల్‌ని రోడ్డు మీద నుంచి పూర్తిగా తప్పించాకే ఫోన్ తీయాలి. పొద్దున్నే వస్తే ప్రాక్టీసు కోసం తొక్కేవాళ్లు బాణంలా పక్క నుంచి దూసుకుపోతారు. మనం మన గీతలో నేరుగా వెళ్తుంటే వాళ్లతో ఇబ్బంది లేదు. అటూ ఇటూ ఊగితేనే ప్రమాదం.

హెల్మెట్ 14 ఏళ్ల లోపు పిల్లలకి చట్టప్రకారం తప్పనిసరి. పెద్దవాళ్లకి కాదు, అయినా పెట్టుకోమనే చెబుతాను. ఏడాది నిండని పసిపిల్లల్ని సీటు కట్టి అయినా సరే సైకిల్ మీద తీసుకెళ్లడానికి న్యూయార్క్ చట్టం ఒప్పుకోదు. ఇది తెలియక చంటిపిల్లలతో వచ్చేస్తుంటారు, ఇంటిల్లిపాదీ నిరాశపడి వెళ్తారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఒకటికి మించి పెట్టుకోకూడదు.

అపోహ: సైకిల్ ఎక్కితే అన్నీ సీటు మీద నుంచే చూసేయొచ్చు

ఇది నమ్మి సొంతంగా తిరిగినవాళ్లు నష్టపోయేది చాలా ఎక్కువ. సైకిల్‌కి అనుమతి ఉన్నది ముఖ్యంగా చుట్టు రోడ్డు మీద, అడ్డంగా కలిపే ఒకటి రెండు దారుల్లో. అందరూ చూడాలనుకునేవి దాదాపు అన్నీ కాలిదారుల మీద ఉన్నాయి. రెండు వరసల పెద్ద ఎల్మ్ చెట్ల మధ్య సాగే మాల్, బో బ్రిడ్జ్, పక్షులకి పేరుపడ్డ రాంబుల్ తోపు, ఇవేవీ సైకిల్ మీద తిరిగేవి కావు. బీటిల్స్ గాయకుడు జాన్ లెన్నన్ జ్ఞాపకంగా 1985లో అంకితం చేసిన స్ట్రాబెర్రీ ఫీల్డ్స్‌కీ నడిచే వెళ్లాలి. 106 ఎకరాల రిజర్వాయర్ ఉందంటే నమ్మరు, ఎందుకంటే రోడ్డు దాని గట్టు కింద నుంచి పోతుంది. దిగి గట్టెక్కితేనే ఆ నీళ్లు, అవతలి ఒడ్డు మీద మేడల వరస కనిపిస్తాయి. గట్టు మీది బాట పరుగెత్తేవాళ్లది, సైకిల్ కిందే ఉంచాలి.

మంచి టూర్ అంటే ఎన్ని చోట్ల దింపి నడిపించారన్నదే నా లెక్క. బెథెస్డా ఫౌంటెన్‌నే తీసుకోండి. 72వ వీధి రోడ్డు మీద నుంచి చూస్తే అందంగా కనిపించే ఒక దేవదూత విగ్రహం, అంతే. కిందికి దిగి దగ్గరికి వెళ్తే ఎడమ చేతిలో లిల్లీ పువ్వు కనిపిస్తుంది. అది శుభ్రమైన నీటికి గుర్తు. కలరాతో అల్లాడిన నగరానికి 1842లో క్రోటన్ కాలువ ద్వారా మంచినీళ్లు వచ్చాయి. ఆ సంగతిని తలచుకుంటూ చేసిన విగ్రహం ఇది, 1873లో ఆవిష్కరించారు. చేసింది ఎమ్మా స్టెబ్బిన్స్. న్యూయార్క్ నగరం ఇంత పెద్ద శిల్పం పనిని ఒక మహిళకి అప్పగించడం అదే మొదటిసారి. ఇది విన్నాక ఆ పువ్వు కోసం మళ్లీ వెనక్కి తిరిగి చూడనివాళ్లని నేను చూడలేదు.

అపోహ: చుట్టూ నగరం పెరిగింది, మధ్యలో అడవి మిగిలింది

ఇంత పచ్చదనం చూశాక అలా అనిపించడం సహజం. కానీ బండలు తప్ప దాదాపు అంతా మనుషులు కట్టిందే. ఇక్కడ అంతకుముందు ఉన్నది చాలావరకు రాళ్లూ బురద నేలలూ. 1857లో నమూనాల పోటీ పెడితే 33 వచ్చాయి. ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ కలిసి ఇచ్చిన గ్రీన్స్‌వార్డ్ ప్లాన్ 1858లో గెలిచింది. బురద గుంటని తవ్వి, నీళ్లు నింపి చెరువు చేశారు. ఆ ఏడాది డిసెంబరులోనే గడ్డకట్టిన ఆ చెరువు మీద జనం స్కేటింగ్ చేశారు. పార్కు మొత్తం పూర్తయ్యేసరికి 1876 అయింది. ఉత్తరాన అడవిలో ఉన్నట్టుండే చిన్న జలపాతాలకి కూడా నీళ్లు పైపుల్లోంచే వస్తాయి.

సైకిల్ మీద వెళ్లేవాళ్లకి వాళ్ల పనితనంలో మరీ ముఖ్యమైనది ఒకటుంది. నగరాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి దాటే నాలుగు రోడ్లు పార్కులోంచి పోవాలని పోటీ నిబంధన. ఆ ఇద్దరూ వాటిని నేల మట్టం కన్నా కిందికి తవ్వించి, పైన వంతెనలు వేసి, చెట్లతో కప్పేశారు. ఈ రోజుకీ బస్సులు, కార్లు ఆ నాలుగు రోడ్ల మీదే పరుగెడుతున్నాయి. మనం వాటి పై నుంచే సైకిల్ తొక్కుకుంటూ పోతాం, తెలియను కూడా తెలియదు. ఒక వంతెన మీద గుంపుని ఆపి, పక్క గోడ మీద నుంచి కిందికి చూడమంటాను. బస్సు పోతుంటుంది. మోటారు కారు పుట్టకముందు, గుర్రపు బండ్ల కాలంలో గీసిన గీత అది. నడిచేవాళ్లకి వేరు, గుర్రాలకి వేరు, బగ్గీలకి వేరు అని దారులు విడదీసింది కూడా వాళ్లే. ఇవాళ మన సైకిల్ నడిచేది ఆనాటి బగ్గీల దారి మీదే. మలుపులు అంత నెమ్మదిగా, మెత్తగా ఉండటానికి కారణం అదే.

అపోహ: పార్కు రాకముందు అక్కడ ఎవరూ లేరు

ఇది పార్కు గురించి చెప్పుకునే కథల్లో చాలాకాలం నిలిచిపోయిన అబద్ధం. పార్కు కోసం జరిపిన భూసేకరణలో దాదాపు 1,600 మంది ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. వాళ్లలో సెనెకా విలేజ్ వాళ్లున్నారు.

పడమర వైపు, 82 నుంచి 89వ వీధి దాకా ఉండేది ఆ ఊరు. 1825లో ఆండ్రూ విలియమ్స్ అనే నల్లజాతి యువకుడు మూడు ప్లాట్లు 125 డాలర్లకి కొన్నాడు. బూట్లు పాలిష్ చేసి బతికేవాడు. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా రద్దయింది 1827లో, అంటే అతను భూమి కొన్న రెండేళ్లకి. అప్పటి చట్టం ప్రకారం నల్లజాతి పురుషుడు ఓటు వేయాలంటే 250 డాలర్ల ఆస్తి ఉండాలి. తెల్లవాళ్లకి ఆ షరతు లేదు. కాబట్టి ఆ ప్లాట్లు ఉండటానికి ఇల్లు ఇవ్వడమే కాదు, ఓటు హక్కుకి దారి కూడా అయ్యాయి. 1855 నాటికి అక్కడ సుమారు 225 మంది ఉండేవారు. మూడింట రెండొంతులు నల్లజాతివాళ్లు, మిగతావాళ్లలో ఎక్కువమంది ఐరిష్‌వాళ్లు. మూడు చర్చిలు, ఒక బడి ఉండేవి. పరిహారం ఇచ్చారు, చాలదని చాలామంది మొరపెట్టుకున్నారు. 1857 కల్లా ఊరు లేదు.

2011లో పురావస్తు పరిశోధకులు తవ్వితే ఇనుప టీ కెటిల్, పిల్లల చెప్పు అడుగు బయటపడ్డాయి. ఇప్పుడు ఆ చోట సమాచార బోర్డులు ఉన్నాయి. రోడ్డు మీద నుంచి సైకిల్ మీద పోతే గడ్డి, చెట్లు తప్ప ఏమీ కనపడవు. టూర్ ఆలస్యమైన రోజు వేరే చోటు ఏదైనా వదిలేస్తాను గానీ దీన్ని వదలను. గైడ్లందరూ ఇక్కడ ఆపాలని నా కోరిక. బుక్ చేసుకునేటప్పుడు మీరూ అడగండి.

అపోహ: బ్యాటరీ సైకిల్ అయితే పెద్దవాళ్లకి సులువు

ఎత్తు ఎక్కడానికి సులువే. కానీ బరువెక్కువ, పెడల్ మీద కాలు వేయగానే ముందుకి దూకుతుంది. అలవాటు తప్పినవాళ్లకి మామూలు గేర్ల సైకిలే మేలు. రోజూ బ్యాటరీ సైకిల్ నడిపేవాళ్లయితే వేరే సంగతి.

అపోహ: ఫోన్లో మ్యాప్ ఉంది, గైడ్ ఎందుకు?

దారి తెలుసుకోవడానికే అయితే మ్యాప్ కూడా అక్కర్లేదు. పార్కులో ప్రతి దీపస్తంభం మీద నాలుగంకెల చిన్న పలక ఉంటుంది. మొదటి రెండంకెలు దగ్గర్లోని వీధి నంబరు. చివరి అంకె సరి సంఖ్య అయితే మీరు తూర్పు వైపు, బేసి అయితే పడమర వైపు ఉన్నట్టు. 7235 అని ఉంటే 72వ వీధి దగ్గర, పడమర పక్కన ఉన్నారు. ఉత్తరాన వీధి నంబరు వంద దాటాక మొదటి అంకె సున్నా అవుతుంది, 06 అంటే 106వ వీధి. ఛార్జింగ్ అయిపోయినా, గుంపులో ఎవరైనా తప్పిపోయినా ఈ నంబరు చెబితే చాలు.

గైడ్ కావాల్సింది పైన రాసిన మిగతావాటికి, అంటే ఎక్కడ దిగాలి, ఏం చూడాలి, ఎవరి వేగానికి గుంపు నడవాలి అన్నవాటికి. న్యూయార్క్ నగరంలో డబ్బు తీసుకుని చూపించే గైడ్‌కి లైసెన్స్ ఉండాలి, అది రాతపరీక్ష పాసైతేనే ఇస్తారు. పార్కు దక్షిణం గేట్ల దగ్గర సైకిల్ అద్దెకి, టూర్‌కి రమ్మని వెంటపడేవాళ్లు చాలామంది ఉంటారు. ఎవరితో వెళ్లినా ముందు లైసెన్స్ చూపించమనండి. ధర గంటకా, రోజుకా అన్నది కాగితం మీద రాయించుకోండి. రెండు బ్రేకులూ పట్టి చూడండి, టైర్లు నొక్కి చూడండి. పాస్‌పోర్ట్ మాత్రం హామీగా ఎవరి చేతికీ ఇవ్వకండి.