షాన్ కానరీ మార్చుకోని యాస: స్కాట్లాండ్ వాదం వెనుక ఒక నటుడి జీవితం

2000 జులై 5న ఎడిన్‌బరోలోని హోలీరూడ్ రాజప్రాసాదంలో రెండో ఎలిజబెత్ రాణి చేతుల మీదుగా సర్ బిరుదు అందుకోవడానికి జేమ్స్ బాండ్ పాత్రతో పేరుపొందిన నటుడు షాన్ కానరీ, లంగాలా కట్టుకునే గళ్ల కిల్ట్ వేసుకుని, సంప్రదాయ హైలాండ్ దుస్తుల్లో వచ్చారు. అప్పటికి ఆయనకు 70 ఏళ్లు నిండడానికి నెలన్నర మాత్రమే ఉంది. ఆ గౌరవం అంతకు రెండేళ్ల ముందే దక్కవలసిందనీ, బ్రిటన్ నుంచి స్కాట్లాండ్ స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీకి ఆయన బాహాటంగా అండగా నిలవడం వల్ల నాటి లేబర్ ప్రభుత్వంలోని మంత్రులు అడ్డుపడ్డారనీ 1998లోనే పత్రికలు రాశాయి. ఒక సినిమా నటుడికి ఇచ్చే బిరుదు రాజకీయ వివాదంగా మారిందంటే, అందుకు కారణం ఆ ఒక్క ఏడాదిలోనో ఆ ఒక్క పార్టీలోనో దొరకదు. ఆయన పుట్టిన వీధి దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ వీధి పేరు ఫౌంటెన్‌బ్రిడ్జ్. రబ్బరు కర్మాగారం, బీరు తయారీశాలల వాసనలు కలగలిసిన ఎడిన్‌బరో కార్మికవాడ అది. 1930 ఆగస్టు 25న అక్కడి 176వ నంబరు భవనంలో థామస్ షాన్ కానరీ పుట్టారు. తండ్రి జోసెఫ్ కర్మాగారంలో పనిచేశారు, లారీ నడిపారు. తల్లి యూఫేమియా ఇళ్లు శుభ్రం చేసే పనికి వెళ్లేవారు. ఇంట్లో వేడినీళ్లు లేవు, మరుగుదొడ్డి చుట్టుపక్కల కుటుంబాలన్నిటికీ ఉమ్మడి. ఉయ్యాల కొనే స్తోమత లేక పసివాణ్ణి బీరువా అడుగు సొరుగులో పడుకోబెట్టేవారట. తొమ్మిదేళ్లకే పాలు పంచే పనిలో చేరిన ఆ పిల్లవాడు పదమూడు దాటగానే బడి మానేశాడు. సెయింట్ కత్‌బర్ట్స్ సహకార సంఘం గుర్రపు బండి మీద తెల్లవారుజామున వీధి వీధీ తిరిగి పాలు అందించేవాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఎడిన్‌బరోలో టాక్సీలో వెళుతూ ప్రతి వీధి పేరూ తడుముకోకుండా చెబుతుంటే డ్రైవరు ఆశ్చర్యపోయాడని కానరీ స్వయంగా రాసుకున్నారు. చిన్నప్పుడు ఇక్కడ పాలు పోసేవాణ్ణని ఆయన చెబితే, మరి ఇప్పుడేం చేస్తున్నారని డ్రైవరు అడిగాడట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే తనకు కష్టమైందని కానరీ అన్నారు.

పదహారేళ్లకు నౌకాదళంలో చేరినప్పుడు ఆయన చేతి మీద రెండు పచ్చబొట్లు పొడిపించుకున్నారు. ఒకటి అమ్మానాన్నల పేరున, రెండోది స్కాట్లాండ్ పేరున. తర్వాతి జీవితమంతా ఆ రెంటి చుట్టూనే తిరిగిందని చెప్పడం అతిశయోక్తి కాదు. కడుపులో పుండు కారణంగా పందొమ్మిదేళ్లకే నౌకాదళం నుంచి ఇంటికి పంపేశారు. ఆ పైన లారీ నడిపారు, శవపేటికలకు మెరుగు పెట్టారు, చిత్రకళాశాలలో విద్యార్థుల ముందు కదలకుండా నిలబడే మోడల్‌గా పనిచేశారు. 1953లో ఒక సంగీత నాటకం బృందగానంలో చోటు దొరకడంతో రంగస్థలం మీదికి వచ్చారు. ఆ బృందంలోని రాబర్ట్ హెండర్సన్ అనే అమెరికన్ నటుడు ఆయనకు చదవవలసిన పుస్తకాల జాబితా ఒకటి ఇచ్చారు. ఇబ్సెన్ నాటకాలతో మొదలుపెట్టి, ఊరూరా నాటకం ఆడుతూనే పగలు గ్రంథాలయాల్లో కూర్చుని కానరీ వాటిని చదివారు. 2006లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ జీవన సాఫల్య పురస్కారం అందుకుంటూ, తన జీవితంలో అసలైన మలుపు అయిదో ఏట చదవడం నేర్చుకోవడమేనని చెప్పారు. బాండ్ పాత్రకు కాక అక్షరాలకు దక్కించిన ఈ గౌరవమే ఆయన మనిషితనాన్ని పట్టిస్తుందని నేను నమ్ముతాను.

ఇక యాస సంగతి. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో బ్రిటన్‌లో తెర మీదా రేడియోలోనూ వినిపించవలసిన ఇంగ్లీషు ఏదన్నది దాదాపు స్థిరపడిపోయింది. దక్షిణ ఇంగ్లండ్ ఉన్నత వర్గాల ఉచ్చారణను బీబీసీ ప్రమాణంగా నిలబెట్టింది. ఆ సంస్థకు తొలి అధిపతి జాన్ రీత్ స్వయంగా స్కాట్లాండ్ వాడు కావడం గమనించదగ్గది. స్కాట్లాండ్ బడుల్లో ఇంటి మాటకు పిల్లలు దెబ్బలు తిన్న కాలమది. నటుడు కావాలంటే ముందు పుట్టుకతో వచ్చిన యాసను వదిలించుకోవాలన్నది అందరూ ఒప్పుకున్న నియమం. కానరీ పదాలను స్పష్టంగా పలకడం నేర్చుకున్నారు గానీ ‘ర’కారపు ఒత్తునూ, ‘స’ను ‘ష’ వైపు జార్చే ఎడిన్‌బరో పలుకునూ చెరుపుకోలేదు.

1957లో బీబీసీ ప్రసారం చేసిన ఒక టెలివిజన్ నాటకంలో ఓడిపోతున్న బాక్సరుగా నటించి ఆయన గుర్తింపు పొందారు. 1962 అక్టోబరులో, ఆయన గూఢచారి జేమ్స్ బాండ్‌గా నటించిన డాక్టర్ నో విడుదలైంది. జేమ్స్ బాండ్ సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్‌కు ఈ ఎంపిక మొదట నచ్చలేదు. తన కథానాయకుడు ఇంగ్లీషు పెద్దమనిషి, వచ్చినవాడేమో ఎడిన్‌బరో పాలబండి కుర్రవాడు. దర్శకుడు టెరెన్స్ యంగ్ తన దర్జీ దగ్గరికి తీసుకెళ్లి సూట్లు కుట్టించారు, భోజనం బల్ల దగ్గర ఎలా మెలగాలో నేర్పారు. యాసను మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచారు. సినిమా చూశాక ఫ్లెమింగ్ మనసు మారింది. 1964లో వచ్చిన బాండ్ నవలలో ఆ గూఢచారి తండ్రిది స్కాట్లాండ్‌లోని గ్లెన్‌కో అని రాశారు. నటుడి పలుకు వెనక్కి వెళ్లి పాత్ర పుట్టుకనే మార్చేసిన సందర్భాలు అరుదు.

ఆ తర్వాతి పాత్రలు ఏ దేశానివైనా గొంతు మాత్రం ఎడిన్‌బరోదే. 1986లో హైలాండర్‌లో ఈజిప్టు మూలాలున్న వీరుడైనా, 1990లో ద హంట్ ఫర్ రెడ్ అక్టోబర్‌లో సోవియట్ జలాంతర్గామి కెప్టెన్ అయినా అదే పలుకు. దీన్ని లోపమన్నవారు ఉన్నారు. 1987 నాటి ది అన్‌టచబుల్స్‌లో షికాగో పోలీసుగా నటించినప్పుడూ ఉచ్చారణ మీద ఎగతాళి వచ్చింది. అయినా సహాయ నటుడిగా ఆస్కార్ ఆ పాత్రకే దక్కింది.

స్కాట్లాండ్ మీద ఆయన ప్రేమ మాటలతో ఆగలేదు. 1967లో గ్లాస్గోలోని ఫెయిర్‌ఫీల్డ్ నౌకా నిర్మాణ కేంద్రం గురించి ఆయన స్వయంగా దర్శకత్వం వహించిన డాక్యుమెంటరీకి, అధికారుల టోపీనీ కార్మికుల టోపీనీ కలిపిన పేరు పెట్టారు. ఆ రెండు టోపీల నడుమ ఉన్న దూరమే దాని విషయం. 1971లో మళ్లీ బాండ్‌గా నటించడానికి తీసుకున్న పన్నెండున్నర లక్షల డాలర్ల పారితోషికంతో స్కాటిష్ ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ ట్రస్టును నిలబెట్టారు. బడి మానేసిన మనిషి ఆ డబ్బును తన దేశపు యువతీయువకుల చదువుల కోసమే ఇచ్చారు.

రాజకీయ నేపథ్యమూ ఇక్కడే కలుస్తుంది. 1979లో స్కాట్లాండ్‌కు సొంత శాసనసభ కోసం జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 51.6 శాతం మంది సరేనన్నా, మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలన్న షరతు వల్ల ఆ తీర్పు చెల్లలేదు. ఆ అసంతృప్తి దాదాపు రెండు దశాబ్దాలు రగిలింది. 1997లో మళ్లీ ఓటింగు జరిగినప్పుడు కానరీ ఎడిన్‌బరో వచ్చి, ప్రత్యర్థి లేబర్ నేతలతో సైతం కలిసి ప్రచారం చేశారు. ఈసారి 74.3 శాతం మద్దతు లభించి, 1999లో స్కాట్లాండ్ పార్లమెంటు ఏర్పడింది. బిరుదు వివాదం సరిగ్గా ఈ రెండు ఘట్టాల మధ్య పుట్టింది.

ఆయన మీద వచ్చిన విమర్శలను దాటవేయడం న్యాయం కాదు. స్వాతంత్ర్యం కోరుతూ స్పెయిన్‌లోనూ బహామాస్‌లోనూ ఉంటారేమని ప్రత్యర్థులు నిలదీశారు, ఆ ప్రశ్నకు బలముంది. 1965లో ఒక పత్రికతోనూ 1987లో టెలివిజన్‌లోనూ, స్త్రీని కొట్టడాన్ని సమర్థిస్తూ ఆయన అన్న మాటలు అంతకంటే పెద్ద మచ్చ. మొదటి భార్య, నటి డయాన్ సిలెంటో తాను హింస అనుభవించానని తన పుస్తకంలో రాశారు, ఆయన కాదన్నారు. ఆ గొంతును ప్రేమించేవారు ఆ గొంతు పలికిన ఈ మాటలనూ వినవలసిందే.

2014 సెప్టెంబరు 18న స్వాతంత్ర్యంపై ఓటింగు జరిగింది. కానరీ స్వదేశంలో నివసించడం లేదు గనుక ఆయనకు అందులో ఓటు లేదు. 55 శాతం మంది వద్దన్నారు. స్వతంత్ర స్కాట్లాండ్‌ను చూడకుండానే 2020 అక్టోబరు 31న, తొంభై ఏళ్ల వయసులో, ఆయన బహామాస్‌లోని నాసోలో కన్నుమూశారు. 2024 నుంచి ఎడిన్‌బరో అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆయన పేరిట 50,000 పౌండ్ల బహుమతి ఇస్తున్నారు. ఆ ఉత్సవం జరిగే నగరంలోనే, ఫౌంటెన్‌బ్రిడ్జ్‌లో, ఆయన పుట్టిన చోటికి దగ్గరగా ఒక స్మారక ఫలకం ఉంది.