“మీ గురించి చెప్పండి” అనగానే తడబడుతున్నారా? ఇంటర్వ్యూ పరిచయంపై అపోహలు, వాస్తవాలు

“మీ గురించి చెప్పండి” అని అడిగిన మరుక్షణం ఎదుటి మనిషి ముఖం ఎలా మారిపోతుందో నాకు బాగా తెలుసు. అప్పటిదాకా మామూలుగా నవ్వుతూ వచ్చి కూర్చున్నవాళ్లే ఒక్కసారి బిగుసుకుపోయి, గొంతు సవరించుకుని, తమది కాని గొంతుతో ఏదో అప్పజెప్పడం మొదలుపెడతారు. పన్నెండేళ్లుగా బల్లకు ఇవతలి వైపు కూర్చుని ఇంటర్వ్యూలు చేస్తున్నాను, ఖాళీ దొరికినప్పుడల్లా ఉద్యోగాల కోసం వెళ్లేవాళ్లను సిద్ధం చేస్తుంటాను. బాగా పనిచేయగలిగినవాళ్లు కూడా ఈ ఒక్క ప్రశ్న దగ్గర దెబ్బతినడం చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు తప్పు వాళ్లది కాదు, ఎవరో చెబితే నమ్మేసిన మాటలది. అలాంటి మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పరిచయం అంటే మొదటి నుంచి చివరిదాకా అన్నీ వరసగా చెప్పాలి

పేరు, చదువు, మార్కులు, కుటుంబం, హాబీలు, బలాలు, బలహీనతలు... ఈ వరస ఎవరు మొదలుపెట్టారో కానీ ఇప్పటికీ పోవట్లేదు. మీ రెజ్యూమె నా ముందే ఉంది. అందులో ఉన్నదే మీరు మళ్లీ చదివి వినిపిస్తే నాకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. నిజానికి ఆ ప్రశ్న అడిగేటప్పుడు నేను వెతుక్కునేది ఒక్కటే, మీతో మాటలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలా అని. మీరు ఏ పని గురించి చెబితే నా తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది. అంటే మొదటి రెండు మూడు ప్రశ్నలు ఏమిటో చాలావరకు మీ చేతుల్లోనే ఉంది, ఈ సంగతి చాలామందికి తెలియదు.

అందుకే నేను నేర్పేటప్పుడు మూడే విషయాలు అడుగుతాను. ఇప్పుడు మీరేం చేస్తున్నారు? అందులో మీ చేతుల మీదుగా జరిగిన ఒక పని ఏమిటి? ఈ ఉద్యోగానికే ఎందుకు వచ్చారు? ఒకటి, ఒకటిన్నర నిమిషంలో ఇవి చెప్పేయొచ్చు.

ఆ మధ్య ఒక అమ్మాయి నా దగ్గర ప్రాక్టీసుకు కూర్చుంది. పరిచయం చెప్పమంటే, “నేను కష్టపడే మనస్తత్వం ఉన్నదాన్ని, ఏదైనా త్వరగా నేర్చుకుంటాను, టీమ్‌లో బాగా కలిసిపోతాను” అంటూ నేల చూపులు చూస్తూ గడగడా చెప్పేసింది. సరే, అది పక్కన పెట్టమ్మా, పోయిన నెల ఆఫీసులో నిన్ను బాగా విసిగించిన పని ఏమిటో చెప్పు అన్నాను. కొంచెం ఆలోచించి, తను గోడౌన్‌లో స్టాక్ లెక్కలు చూస్తానని, నెలాఖరు వచ్చిందంటే కంప్యూటర్లో ఉన్న లెక్కకూ ర్యాకుల్లో ఉన్న సరుకుకూ పొంతన కుదిరేది కాదని, రెండేసి రోజులు అట్టపెట్టెలు లెక్కపెట్టుకుంటూ తిరిగేవాళ్లమని చెప్పుకొచ్చింది. చివరికి తిరిగొచ్చిన సరుకు గేటు దగ్గర ఒకసారి, బిల్లింగ్‌లో ఇంకోసారి ఎక్కుతోందని తనే పట్టుకుందట. దానికి విడిగా ఒక రిజిస్టర్ పెట్టించిందట. ఇదంతా చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి నా కళ్లలోకి చూసి మాట్లాడుతోంది, చేతులతో ర్యాకు ఎత్తు కూడా చూపిస్తోంది.

అదే ఆమె పరిచయం అయింది. “రెండేళ్లుగా గోడౌన్ స్టాక్ లెక్కలు చూస్తున్నాను. నెలాఖరున లెక్క ఎప్పుడూ తేడా వచ్చేది. తిరిగొచ్చిన సరుకు రెండుచోట్ల ఎక్కుతోందని గమనించి, దానికి వేరే రిజిస్టర్ పెట్టించాను. రెండు రోజులు పట్టే పని ఇప్పుడు ఒక పూటలో అయిపోతోంది. మీ దగ్గర నాలుగు గోడౌన్ల స్టాక్ ఒకేచోట చూడాలని ప్రకటనలో చదివాను, ఆ పని నేర్చుకోవాలనే వచ్చాను.” ఇంతే. ఇది విన్నవాళ్లు ఎవరైనా “ఎలా కనిపెట్టారు?” అని అడగకుండా ఉండలేరు, దానికి జవాబు ఆమెకన్నా బాగా తెలిసినవాళ్లు ఆ గదిలో ఎవరూ ఉండరు. కాన్ఫిడెన్స్ అని మనం అంటామే, అది ఇలా వస్తుంది.

అపోహ: బాగా బట్టీ పడితే తడబడం

బట్టీ పట్టిన పాఠం ఎవరూ అడ్డు రానంతవరకే నడుస్తుంది. ఇంటర్వ్యూలో మేం అడ్డు వస్తాం, కావాలని కాదు, ఆసక్తి కలిగి అడుగుతాం. ఒకసారి ఒక అబ్బాయి చక్కగా చెప్పుకుపోతుంటే మధ్యలో “ఆ ప్రాజెక్టులో ఎంతమంది పనిచేశారు?” అన్నాను. ఆరుగురం అన్నాడు. తర్వాత ఎక్కడ ఆపాడో గుర్తు రాక, చెమటలు పట్టి, మళ్లీ తన పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. నా ప్రశ్న వల్లే ఇలా జరిగిందని నాకు చాలా రోజులు మనసులో ఉండిపోయింది.

మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి. మొదటిది ఎందుకంటే గొంతు పెగలడానికి ఆ ఒక్క వాక్యం చాలు. చివరిది ఎందుకంటే ఎక్కడ ఆపాలో తెలియక సాగదీసేవాళ్లే ఎక్కువ. మధ్యలోది విషయంగా గుర్తుంచుకోండి, మాటలుగా కాదు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ ఐదుసార్లు బయటికి చెప్పండి, ప్రతిసారీ వేరే మాటల్లో చెప్పడానికి ప్రయత్నించండి. మనసులో చదువుకుంటే సరిపోదు, నోరు తిరగాలి.

అపోహ: లోపల టెన్షన్ పడుతుంటే ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది

మీ గుండె దడ మీకు వినిపించినంతగా నాకు వినిపించదు. ఇది ఊరటకు చెబుతున్న మాట కాదు. 2003లో కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే సైకాలజిస్టులు ప్రసంగాలు ఇచ్చేవాళ్ల మీద చేసిన పరిశోధనలో, మాట్లాడేవాళ్లు తమ కంగారు ఎంత బయటపడుతోందని అనుకున్నారో, విన్నవాళ్లకు అంత కనిపించలేదని తేలింది. ఇంకా ఆసక్తికరమైన విషయం, ఈ సంగతి ముందే చెప్పి పంపినవాళ్లు మిగతావాళ్లకంటే బాగా మాట్లాడారు. అందుకే నేను కూడా నా దగ్గరికి వచ్చేవాళ్లకు మొట్టమొదట ఇదే చెబుతాను.

ఇంకొకటి, టెన్షన్‌ను అణిచేయాలని చూడకండి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, మాట్లాడబోయే ముందు “నేను ప్రశాంతంగా ఉన్నాను” అనుకున్నవాళ్ల కన్నా “నాకు ఉత్సాహంగా ఉంది” అని పైకి అనుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారు. నాకైతే ఇది సబబుగానే అనిపిస్తుంది. గుండె వేగంగా కొట్టుకోవడం రెండింటిలోనూ ఒకటే, దానికి మనం పెట్టే పేరు మారుతుంది. గొంతు ఎండిపోతే నీళ్లు అడగండి. నీళ్లు అడిగారని ఎవరికీ మార్కులు తగ్గించలేదు నేను.

అపోహ: మొదటి అరనిమిషంలోనే అంతా తేలిపోతుంది

ఇందులో కొంత నిజం ఉంది, అందుకే ఇంత గట్టిగా నాటుకుపోయింది. ముఖం చూసిన సెకనులో పదో వంతులోనే మనిషి మీద ఒక అభిప్రాయం ఏర్పడుతుందని 2006లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో విల్లిస్, టొడొరోవ్ అనే పరిశోధకులు చూపించారు. కానీ అభిప్రాయం వేరు, నిర్ణయం వేరు. 600కు పైగా ఇంటర్వ్యూలను పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మొదటి నిమిషంలోనే ఒక నిర్ణయానికి వచ్చేసింది దాదాపు 5 శాతం ఇంటర్వ్యూల్లోనే. ఐదు నిమిషాలు గడిచేసరికి అది సుమారు 30 శాతం. మిగతావన్నీ ఆ తర్వాత తేలినవే.

కాబట్టి మొదటి వాక్యంలో నాలుక మడతపడితే ఇక అయిపోయిందని చేతులెత్తేయకండి. “క్షమించండి, ఇంకోసారి చెబుతాను” అని మళ్లీ మొదలుపెట్టినవాళ్లను నేను ఉద్యోగంలోకి తీసుకున్నాను, ఒకసారి కాదు. చాలామంది దెబ్బతినేది తడబాటు వల్ల కాదు, ఆ తర్వాత పావుగంట దాన్నే తలుచుకుంటూ, అడిగింది సరిగ్గా వినకపోవడం వల్ల.

అపోహ: 93 శాతం బాడీ లాంగ్వేజే, మాటలు 7 శాతమే

ఈ లెక్కను ఎన్ని శిక్షణ తరగతుల్లో విన్నానో. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967లో చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చిందిది. అందులో ఒక్కొక్క పదాన్ని వేర్వేరు స్వరాలతో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, మాట్లాడే మనిషికి ఇష్టం ఉందా లేదా అని అడిగారు. మాటా ముఖమూ పొసగనప్పుడు జనం దేన్ని నమ్ముతారన్నది అక్కడి ప్రశ్న. ఉద్యోగంలో మీరేం చేశారో చెప్పడానికి ఆ లెక్క వర్తించదు, వర్తించదని మెహ్రాబియనే చెప్పారు. కాళ్లూ చేతులూ బాగా చాపుకున్న భంగిమల్లో రెండు నిమిషాలు ఉంటే హార్మోన్లు మారి ధైర్యం వస్తుందన్న 2010 నాటి పరిశోధన కూడా అంతే. 2015లో ఇంకా ఎక్కువమందితో చేసి చూస్తే హార్మోన్లలో ఆ తేడా రాలేదు.

నిటారుగా కూర్చోండి, అడిగినవాళ్ల వైపు చూడండి, ఇద్దరు ముగ్గురు ఉంటే అందరినీ చూస్తూ మాట్లాడండి. వీడియో ఇంటర్వ్యూ అయితే మొదటి వాక్యం చెప్పేటప్పుడైనా స్క్రీన్ మీద కాకుండా కెమెరా వైపు చూడండి. దీని గురించి ఇంతకు మించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

అపోహ: ఫ్రెషర్లకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు

ఉంటుంది, “మేము”లో దాక్కుని ఉంటుంది. “మేము ఒక యాప్ చేశాం, మేము ప్రజెంటేషన్ ఇచ్చాం” అంటారు. అప్పుడు నేను కాగితం మీద “ఇతని వంతు ఏమిటి?” అని రాసుకుంటాను. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టు అయితే నలుగురు అనే చెప్పండి, వెంటనే అందులో మీ వంతు ఏమిటో చెప్పండి. డేటాబేస్ మీరు చూశారా, తప్పులు మీరు సరిచేశారా, రాత్రి కూర్చుని రిపోర్టు మొత్తం మీరే రాశారా? చిన్నదైనా ఫరవాలేదు, అది మీదై ఉండాలి.

అపోహ: మధ్యలో ఖాళీగా ఉన్న కాలాన్ని ఎత్తకపోవడమే మంచిది

తేదీలు నా ముందే ఉన్నాయి కదా. మీరు ఎత్తకపోతే నేను ఎత్తుతాను, అప్పుడు మీరు నీళ్లు నమలాల్సి వస్తుంది. పరిచయంలో మీరే ఒక్క వాక్యంలో చెప్పేస్తే ఆ బరువు దిగిపోతుంది. “ఇంట్లో ఒకరికి ఆరోగ్యం బాగాలేక ఏడాదిన్నర ఉద్యోగం మానేశాను, ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు, ఆరు నెలలుగా మళ్లీ ఈ పని మీదే ఉన్నాను” అంటే చాలు. సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు కాకుండా మామూలు గొంతుతో చెప్పి ముందుకు వెళ్లండి. మనుషుల జీవితాల్లో ఇవి ఉంటాయి, అడిగేవాళ్ల ఇళ్లలోనూ ఉంటాయి.

అపోహ: చెప్పడం అయ్యాక మౌనంగా ఉండకూడదు

ఇది ఎవరూ పనిగట్టుకుని నేర్పింది కాదు కానీ అందరిలోనూ ఉంటుంది. చక్కగా చెప్పి ముగిస్తారు, నేను రెండు మూడు సెకన్లు ఏమీ మాట్లాడను, అంతే, కంగారు పడిపోతారు. ఒకాయన అలాగే, ఎంతో బాగా పరిచయం చేసుకుని, నేను తల వంచుకుని ఉండటం చూసి, “అంటే... నాకు ఈ రంగంలో అనుభవం మాత్రం తక్కువేనండి” అని తనంతట తనే కలిపాడు. నేను అడగలేదు, అడగాలని కూడా అనుకోలేదు. చివరి వాక్యం అయిపోయాక పెదవులు మూసి, మా వైపు చూస్తూ ఉండండి. ఆ మూడు సెకన్లు నేను రాసుకుంటున్నది మీరు చెప్పిన పని గురించే. రాయడం అయ్యాక తలెత్తి, దాన్నే అడుగుతాను.