పరుగెత్తే లారీ నుంచి రోడ్డు బలం కొలవడానికి 50 ఏళ్లు

తారు రోడ్డు మీద కొత్త పొర వేస్తే గుంతలు కనపడవు. కింది కంకర, మట్టి పొరల్లో సత్తువ ఉందో లేదో మాత్రం కంటికి తెలియదు. బరువు మోపి, ఎంత కుంగిందో చూడాల్సిందే. ఆ కుంగుబాటు చాలా రోడ్లలో మిల్లీమీటరు కూడా ఉండదు.

1950ల మొదట్లో అమెరికాలోని ఇడాహోలో లారీలు తిప్పి రోడ్లను పరీక్షిస్తున్నప్పుడు ఏ.సి. బెంకెల్‌మన్ ఒక పొడవాటి దూలం తయారుచేశారు. దాని కొనను లారీ వెనక జంట టైర్ల మధ్య ఆనించి, లారీని మెల్లగా ముందుకు పోనిస్తారు. బరువు తొలగగానే రోడ్డు ఎంత పైకి లేచిందో డయల్ గేజి చూపుతుంది. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా 1981లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. పాత తారుపై ఎంత మందాన కొత్త పొర వేయాలో ఈ రీడింగులే తేల్చేవి. కానీ ప్రతి చోటా బండి ఆపాలి, ట్రాఫిక్ మళ్లించాలి.

ఫ్రాన్సులో ఆ దూలాన్నే లారీ కింద అమర్చి లాక్రోయా డిఫ్లెక్టోగ్రాఫ్ చేశారు. బండి ఆగదు గానీ, నడక వేగం దాటదు. తర్వాత వచ్చిన ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటరు పళ్లెం మీద బరువును జారవిడిచి, పరుగెత్తే చక్రం దెబ్బను అనుకరిస్తుంది. కొలత నాణ్యమైనదే, అయితే మళ్లీ ప్రతి చోటా ఆగాలి.

అసలు చిక్కు ఇది: వేగంగా పోయే బండి సెంటీమీటర్ల లెక్కన ఊగుతుంది, రోడ్డు కుంగేది మిల్లీమీటరులో వంతులు. 2000ల తొలినాళ్లలో డెన్మార్క్‌లోని గ్రీన్‌వుడ్ ఇంజనీరింగ్ తెచ్చిన ట్రాఫిక్ స్పీడ్ డిఫ్లెక్టోమీటరు లోతును నేరుగా కొలవడం మానేసి, రోడ్డు కుంగే వేగాన్ని డాప్లర్ లేజర్లతో (తిరిగొచ్చే కాంతి తరంగాల్లో మార్పును బట్టి వేగం చెప్పేవి) పట్టింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో గొప్పగా తోచే మలుపు ఇదే. బండి 80 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 22.2 మీటర్లు పోతోందనుకుందాం. చక్రం దగ్గర రోడ్డు సెకనుకు 6.7 మిల్లీమీటర్ల వేగంతో దిగితే, అక్కడి వాలు మీటరుకు 0.3 మిల్లీమీటర్లు. ఇలాంటి వాలులు వరసగా తీస్తే కుంగుబాటు ఆకారం వచ్చేస్తుంది. చక్రానికి దూరంగా, రోడ్డు దాదాపు కుంగని చోట మరో లేజరు ఉంటుంది. బండి ఊగుడును అది పసిగడితే, లెక్కలోంచి తీసేస్తారు. లేజర్లున్న దూలం వేడికి ఏ కాస్త వంగినా అంకెలు తప్పుతాయి కాబట్టి ట్రెయిలరు లోపల ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతారు.

మన జాతీయ రహదారులపై తిరిగే నెట్‌వర్క్ సర్వే వాహనాలు ట్రాఫిక్‌తో పాటే పరుగెత్తుతూ పగుళ్లు, గుంతలు, గతుకులు నమోదు చేస్తాయి. అవన్నీ పైపొర సంగతులు. కింది పొరల బలానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014 నాటి మార్గదర్శకాలు చెప్పేది ఫాలింగ్ వెయిట్ పరీక్షే. అది చేయాలంటే ఈనాటికీ లేన్ మూయాలి, పరుగెత్తే వాహనాల పక్కనే సిబ్బంది నిలబడాలి.