ఫార్మేటివ్ అసెస్‌మెంట్: మా పర్లాకిమిడి వైపు టీచర్లలో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

నేను ఒడిశాలో, ఆంధ్ర బోర్డర్ పక్కనే ఉన్న పర్లాకిమిడి చుట్టుపక్కల లెక్కలు చెప్తాను. మా దగ్గర ఒకే బెంచీ మీద ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, ఒడియా మాట్లాడే పిల్లలు, సవర (ఇక్కడి కొండల్లో ఉండే గిరిజనుల భాష) మాట్లాడే పిల్లలు కూర్చుంటారు, పుస్తకం మాత్రం ఒడియాలో ఉంటుంది. ఇలాంటి క్లాసులో ఎవరికి ఏది అందిందో, ఎక్కడ ఆగిపోయారో రోజూ చూసుకోకుండా సిలబస్ లాక్కుంటూ పోతే పరీక్షల టైముకి టీచర్ చేతిలో ఏమీ మిగలదు. ఇలా రోజూ చూసుకుని దాన్నిబట్టి పాఠం మార్చుకోవడమే ఫార్మేటివ్ అసెస్‌మెంట్. అందుకే దాని గురించి తోటి టీచర్ల నోట తరచుగా వినే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నాను.

అపోహ: ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) అంటే చిన్న పరీక్ష, ఎస్ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్, పాఠాలు అయ్యాక వేసే అంచనా) అంటే పెద్ద పరీక్ష.

బోర్డర్ అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం పిల్లల్ని అడిగినా ఇదే చెప్తారు, ఎఫ్ఏ వన్ అయిపోయింది, ఎఫ్ఏ టూ రాబోతోంది అని. వాళ్ళ తప్పేం లేదు, మనం దాన్ని అలాగే నడిపాం. సీబీఎస్‌ఈ కూడా 2009లో సీసీఈ (ఏడాది పొడవునా పిల్లల్ని అంచనా వేసే పద్ధతి) తెచ్చి ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు, రెండు ఎస్ఏలు పెట్టింది, చివరికి 2017లో మళ్ళీ బోర్డు పరీక్షల వైపే వెళ్ళింది. అసలు "ఫార్మేటివ్" అన్న మాటని ముందుగా వాడింది మైఖేల్ స్క్రివెన్ అనే పండితుడు, 1967లో, అదీ పాఠ్యప్రణాళికల గురించి. దాన్ని పిల్లల నేర్చుకోవడం దాకా తెచ్చింది విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్. 1998లో పాల్ బ్లాక్, డిలన్ విలియం అనే పరిశోధకులు సుమారు 250 పరిశోధనలు ముందేసుకుని చూసి చెప్పిన దాంట్లో కీలకం ఏంటంటే, పిల్లల దగ్గర్నుంచి తెలిసిన దాన్నిబట్టి బోధన మారితేనే అది ఫార్మేటివ్. అంటే సోమవారం స్లిప్ టెస్ట్ పెట్టి మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించి మంగళవారం యథాప్రకారం తర్వాతి చాప్టర్ మొదలెడితే దానికి ఏ పేరు పెట్టినా అది పరీక్షే.

అపోహ: "అర్థమైందా?" అని అడిగితే తెలిసిపోతుంది.

"బుఝిపారిలొ?" అంటే క్లాసంతా "హఁ సార్" అంటుంది. తెలుగులో అడిగినా అంతే. అర్థం కాని పిల్లకి తనకి అర్థం కాలేదన్న సంగతే ఒక్కోసారి తెలీదు, తెలిసినా నలభై మందిలో లేచి చెప్పదు. ఇంకోటి, ప్రశ్న వేసి మనం ఆగం. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో అమెరికా సైన్స్ క్లాసులు రికార్డు చేసి చూస్తే టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతున్నారు, అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. మన పిల్లలకైతే ప్రశ్నని ఇంటి భాషలోకి తిప్పుకుని, జవాబు ఆలోచించి, మళ్ళీ ఒడియాలోకి తెచ్చుకోవాలి కదా, మూడు సెకన్లు ఏం సరిపోతాయి? ఇంకొంచెం ఆగండి.

అపోహ: జవాబు రైటయితే వచ్చినట్టే.

ఇది అన్నిటికంటే నష్టం చేసేది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. దశాంశాలు తీసుకోండి. 0.4, 0.15 లో ఏది పెద్దది అని అడుగుతాం. కొందరు 0.15 అంటారు, ఎందుకంటే నాలుగు కంటే పదిహేను పెద్దది కాబట్టి. "పాయింట్ పదిహేను" అని మనమే చదివి వినిపిస్తాం, వాళ్ళకి పదిహేనే వినపడుతుంది. మిగతావాళ్ళు 0.4 అంటారు, టీచర్ సంతోషపడి ముందుకెళ్ళిపోతాడు. ఆగి, ఇంకో జత ఇవ్వండి, 0.3, 0.47. ఇందాక తప్పు చెప్పినవాళ్ళు ఇప్పుడు 0.47 అని రైటు చెప్తారు, పాత లెక్కతోనే, మూడు కంటే నలభై ఏడు పెద్దది కాబట్టి. ఇందాక రైటు చెప్పినవాళ్ళలో కొందరు 0.3 అంటారు! అదేంటమ్మా అంటే "వందో వంతులు పదో వంతుల కంటే చిన్నవి కదా సార్, అంకెలు ఎక్కువుంటే సంఖ్య చిన్నది" అంటారు. చూశారా, ఆ పిల్ల పాఠం విన్నది, వందో వంతు చిన్నదని పట్టుకుంది, పట్టుకున్నదాన్ని అతిగా సాగదీసింది. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగి ఉంటే ఆ పిల్లకి రైటు పడేది. రెండు జతలూ కలిపి అడిగితే క్లాసు మూడు గుంపులుగా విడిపోతుంది, మొదటి జత తప్పినవాళ్ళు, రెండో జత తప్పినవాళ్ళు, రెండూ రైటు చెప్పినవాళ్ళు అని, ఒక్కో గుంపుకి ఒక్కో మందు. మొదటి గుంపుతో 0.4 ని 0.40 గా రాయించి పోల్పిస్తే దారిలో పడతారు. ఆ రెండో గుంపుని మాత్రం గళ్ళ కాగితం మీద వంద గళ్ళ చదరం గీసి 0.3 కి ముప్పై గళ్ళు, 0.47 కి నలభై ఏడు గళ్ళు రంగు వెయ్యమనాలి, కళ్ళతో చూస్తే తప్ప వాళ్ళు ఒప్పుకోరు.

అపోహ: యాభై మంది ఉన్న క్లాసులో ఇవన్నీ కుదరవు.

పలకలు. ప్రశ్న వెయ్యండి, అందరూ రాసి ఒకేసారి పైకెత్తాలి. ఒక్క చూపులో తెలుస్తుంది. పలకల్లేకపోతే చివరి ఐదు నిమిషాల్లో చీటీ మీద ఒక్క లెక్క చేయించి, ఇంటికెళ్ళాక వచ్చినవి, సగం వచ్చినవి, రానివి అని మూడు కట్టలు చేసుకోండి. చీటీల మీద మార్కులు వెయ్యకండి.

అపోహ: మార్కు వేసి పక్కన "గుడ్, బాగా చదువు" అని రాస్తే ఫీడ్‌బ్యాక్ ఇచ్చినట్టే.

1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడుల్లో చూశారు, కొందరికి మార్కులు, కొందరికి రాసిన సూచనలు, కొందరికి రెండూ ఇచ్చి. సూచనలు మాత్రమే అందినవాళ్ళే మెరుగుపడ్డారు, పక్కన మార్కు కనిపిస్తే ఆ మేలు పోయింది. 1996లో క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే మూడో వంతుకి పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ వల్ల పని ఇంకా దిగజారిందని తేలింది, ముఖ్యంగా దృష్టి పని మీంచి మనిషి మీదకి మళ్ళినప్పుడు. కాబట్టి "నువ్వు తెలివైనదానివి" అనడం కంటే "మూడో లెక్కలో హారాలు వేరుగా ఉన్నాయి, సమానం చేసి మళ్ళీ చెయ్యి" అని రాస్తే పనికొస్తుంది. రాశాక మర్నాడు క్లాసులోనే పది నిమిషాలు ఇచ్చి చేయించాలి, ఇంట్లో చేసుకురమ్మంటే చాలామంది చెయ్యరు.

అపోహ: నోరు విప్పని పిల్లకి ఏమీ రాదు.

కొండ ఊళ్ళ నుంచి వచ్చే సవర పిల్లల మీద ఈ ముద్ర చాలా తొందరగా పడిపోతుంది, నాకు నిజంగా బాధేస్తుంది. వందేళ్ళకి ముందే గిడుగు రామమూర్తి పంతులుగారు ఇదే పర్లాకిమిడిలో మేస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో వాళ్ళకి బడులు పెట్టారు. ఆ ఊళ్ళో పనిచేస్తూ మనం కనీసం పిల్లని తన భాషలో చెప్పనివ్వాలి కదండీ. నేను చేసేది ఏంటంటే, నోరు విప్పని పిల్లని, లెక్క ఎలా చేసిందో పక్కనున్న సవర పిల్లకి సవరలోనే చెప్పమంటాను, విన్న పిల్ల నాకు ఒడియాలోనో తెలుగులోనో చెప్తుంది. అలా విన్నప్పుడు తెలుస్తుంది, ఆగిపోయింది లెక్క దగ్గరా, "బాకీ ఎంత మిగిలింది" అన్న మాట దగ్గరా అని. లెక్క దగ్గరైతే గింజలు పోసి మళ్ళీ మొదట్నుంచి చేయిస్తాను. మాట దగ్గరైతే ఆ మాటకి సవరలో ఏమంటారో పిల్లల్నే అడిగి బోర్డు మీద ఒడియా మాట పక్కన రాసి, మర్నాడు అదే లెక్క అంకెలు మార్చి ఇస్తాను.